కాయితాల బల్ల: దేవరకొండ సైడు ఓ చర్చి కాంపౌండ్‌ల ఫ్రీ సర్వీసు, నా రేటింగ్ 4/5

కాయితాల బల్ల అంటే సర్కారు పనులకి అర్జీలు, ఫారాలు ఊరికే రాసిపెట్టే చోటు. ముందే చెప్తున్న, చర్చి పేరు రాయను, మండలం పేరు కూడా రాయను. రాయొద్దని వాళ్ళే అన్నరు, ఎందుకన్నరో చదువుకుంట పోతే మీకే అర్థమయితది. నల్గొండ జిల్లా, దేవరకొండ సైడు ఒక మండల కేంద్రం అనుకోండి చాలు. ఆ సైడోళ్ళకి ఎట్లాగూ తెలుసు, తెలవనోళ్ళు బస్టాండ్‌ల దిగి కాయితాల బల్ల యాడ అని ఏ ముసలమ్మనడిగినా చూపిస్తది.

నేనేం భక్తుణ్ణి కాదు. చిన్నప్పుడు సండే స్కూల్ల కంఠత వాక్యాలు అప్పజెప్పి స్టీలు గ్లాసు ప్రైజు కొట్టినోన్నే గానీ ఇబ్రహీంపట్నం సైడు పనికొచ్చినంక క్రిస్మస్‌కి తప్ప చర్చి మొహం చూసింది లేదు. చర్చోళ్ళు సేవ అంటే నాకు గుర్తొచ్చేది ఒకటే, డిసెంబర్‌ల దుప్పట్లు పంచుడు, పంచేటప్పుడు ముసలోళ్ళని లైన్‌ల నిలబెట్టి ఒక్కో దుప్పటికి ఒక్కో ఫోటో. మా నాయనమ్మకి మూడేండ్లు వరసగ దుప్పటొచ్చింది, మూడు ఫోటోల్ల కూడా ఆమె కండ్లు మూసుకునే ఉంది. అందుకే అమ్మ "బల్ల కాడికి పోదాం రా కొడకా" అన్నప్పుడు నేను తిట్టిన, ఒక రోజు కూలి పోతది అక్కడ ప్రార్థన చేసి పంపిస్తరు అని.

సంగతేందంటే అమ్మ 2025 ఎండాకాలం కరువు పనికి పోయింది. ఉపాధి హామీ అని పేపర్ల రాస్తరు గానీ మా దిక్కు ఇప్పటికీ కరువు పనే అంటరు. 30 రోజులు చేసింది, చెరువు పూడిక. అప్పట్ల బోర్డు మీద రోజుకి 307 అని ఉండె, కొలతలు తీసినంక ఆమెకి సగటున 218 పడ్డది, అంటే 6,540 రూపాయలు రావాలి. పక్కన తవ్వినోళ్ళకి వచ్చినయి, అమ్మకి రాలే. ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడిగితే ఎంపీడీవో ఆఫీస్‌ల అడుగు అన్నడు, అక్కడ కంప్యూటర్ కాడ కూసున్న పిలగాడు బ్యాంకుల అడుగు అన్నడు, బ్యాంకోళ్ళు మా కాడికి పైసలు రాలేదమ్మా అన్నరు. ఇట్ల జూలై దాకా తిరిగింది, ఆడోళ్ళకి బస్సు ఫ్రీ కాబట్టి సరిపోయింది లేకపోతే ఆ 6,540ల సగం బస్సు టికెట్లకే పోవు.

ఇగ బల్ల గురించి. మంగళవారం, శుక్రవారం, పొద్దుగాల 9.30 నుంచి అంబటాల్ల 1 దాకా. చర్చి గేటు దాటంగనే ఎడమ పక్క వేపచెట్టు కింద రేకుల షెడ్డు, అందుల పొడుగు చెక్క బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బెంచీ. కూసునేటోళ్ళు నలుగురు. ఎమ్మార్వో ఆఫీస్‌ల గుమస్తాగ చేసి రిటైరయిన సార్ ఒకాయన, డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు ల్యాప్‌టాప్ పట్టుకుని, ఇంకా అయ్యగారి (పాస్టర్) భార్య, మా దిక్కు అమ్మగారు అంటం, ఆమె టోకెన్లు రాసిస్తది. టోకెన్ అంటే ఏం లేదు, క్యాలెండర్ కాయితం చింపి వెనకాల నంబరేసుడే.

ఆ బల్ల మీద నీలం ప్లాస్టిక్ కవర్ పరిచిన్రు, మీద సిరా ప్యాడు, స్టాప్లర్, గమ్ము డబ్బా, పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించే కత్తెర. నా టోకెన్ 23, కాబట్టి చూసుకుంట కూసున్న. కవర్ ఒక పక్క చినిగి ఉంది, చినిగిన కాడ చెక్క మీద అక్షరాలు కనపడ్డయి, చెక్కినయి, గమ్ము అంటి సగం పూడుకపోయినయి. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు". అప్పుడు తెలిసింది అది పాత ప్రభువు బల్ల అని, అంటే ఆరాధనల రొట్టె, ద్రాక్షరసం పెట్టి పంచే బల్ల. ఎవరో వాళ్ళ నాయన జ్ఞాపకార్థం గ్రానైట్ బల్ల చేయించి ఇస్తే లోపల దాన్ని పెట్టి, చెక్క బల్లని బయటేసిన్రంట, రెండేండ్లు స్టోర్ రూంల మైక్ డబ్బాల కింద పడి ఉందంట. మా నాయనమ్మ ఆ బల్ల కాడనే రొట్టె ముక్క తీసుకుని ఉంటది. ఇప్పుడు దాని మీద మా అమ్మ కరువు పని జాబ్ కార్డు జిరాక్స్.

పని ఎట్ల చేస్తరో చెప్త, ఎందుకంటే అసలు విషయం అదే. సార్ ముందు అమ్మ కార్డులన్నీ వరసగ పరిచిండు, ఆధార్, జాబ్ కార్డు, బ్యాంకు బుక్కు, రేషన్. ఒక నిమిషం చూసి నవ్విండు. "అమ్మా, నువ్వు ఇద్దరున్నవ్" అన్నడు. ఏందంటే ఆధార్‌ల ఆమె పుట్టు పేరు, జాబ్ కార్డుల బాప్తిస్మం పేరు. మా మాదిగ వాడల సగం మంది పెద్దోళ్ళది ఇదే కథ, పోచమ్మ మరియమ్మ అయితది, ఎల్లమ్మ ఎస్తేరు అయితది, అయ్యగారు నీళ్ళల్ల ముంచినప్పుడు ఒక పేరు, ఓటరు లిస్టోడు వచ్చినప్పుడు ఇంకో పేరు, ఎవరు ఏది అడిగితే అది చెప్పేది. ఇన్నేండ్లు నడిచింది. 2024 జనవరి 1 నుంచి కరువు పని పైసలు ఆధార్ ఆధారంగనే వేయాలని రూల్ గట్టిగ పెట్టిన్రు కదా, అప్పటి సంది రెండు పేర్లు కలవకపోతే కంప్యూటర్ మనిషిని మనిషిగ లెక్కజేస్తలేదు.

"ఏ పేరు ఉంచమంటవమ్మా" అని సార్ అడిగిండు. నేనయితే ఆధార్ పేరే అని టక్కున చెప్పేటోన్ని. అమ్మ శానాసేపు ఏం మాట్లాడలే. తర్వాత "చర్చి రిజిస్టర్ల నుంచి తియ్యరు కదా సారూ" అని అడిగింది. అది వేరే అమ్మా, అది అయ్యగారి కాడ ఉంటది, దాన్నెవరు ముట్టరు అని చెప్పినంక ఆధార్ పేరుకి ఒప్పుకుంది. నాకు అక్కడ కొంచెం గొంతు పట్టింది, ఎందుకో తెలవదు.

పేరు మార్పుకి అర్జీ రాసిన్రు, ఎంపీడీవోకి ఒకటి, నకలు ఇంకోటి, నకలు మీద తీసుకున్నట్టు ముద్ర ఏపించుకోకుండ వాపస్ రావొద్దు అని రెండుసార్లు చెప్పిండు. డిగ్రీ పిలగాడు ఆధార్ సైట్ తెరిచి బ్యాంక్ లింకు ఏ అకౌంట్‌కి ఉందో చూసిండు, అక్కడ రెండో బొక్క బయటపడ్డది. నిరుడు అమ్మకి సిమ్ తీసుకున్నప్పుడు వేలిముద్ర పెట్టించిన్రు, ఆ వేలిముద్రతోటి ఇంకో అకౌంట్ తెరుచుకుంది, అమ్మకి తెలవదు, నాకూ తెలవదు. ఆఖరున ఏ అకౌంట్‌కి ఆధార్ లింకయితే పైసలు దాంట్లకే పోతయి. అంటే పేరు సరిజేసినా పైసలు ఆ కనపడని అకౌంట్‌లనే పడేటియి. బ్యాంకుకి ఇంకో కాయితం.

మూడో కాయితం నేను అడగలే, సారే రాసిండు. మస్టర్ (పని హాజరు పట్టీ) మూసినంక 15 రోజుల్ల కూలి పడాలె, పడకపోతే 16వ రోజు నుంచి రోజుకి 0.05 శాతం నష్టపరిహారం ఇయ్యాలని చట్టంల ఉందంట. లెక్క కడితే మా 6,540కి రోజుకి 3 రూపాయల 27 పైసలు. నేను నవ్విన, ఛాయ్ కూడా రాదు కద సార్ అని. ఆయన నవ్వలే. "ఛాయ్ కోసం కాదు బాబు, లేటు చేసినమని వాళ్ళు కాయితం మీద ఒప్పుకోవాలె" అన్నడు.

సెప్టెంబర్ రెండో వారంల 6,540 పడ్డయి. నాకయిన ఖర్చు జిరాక్సులకి 14 రూపాయలు. బల్ల మీద కానుక డబ్బా ఉందా అని కావాలని చూసిన, లేదు. ఇద్దామని వంద తీస్తే అమ్మగారు తీసుకోలే, ఆదివారం వచ్చి కానుకల ఎయ్యి అన్నది, అది మంచి టెక్నికే అనుకోండి.

మరి ఖర్చు ఎట్ల అంటే పిడికెడు బియ్యం. తెలవనోళ్ళకి చెప్తున్న, చర్చి సంఘంల ఆడోళ్ళు ఎసరు పెట్టేటప్పుడల్లా ఒక పిడికెడు తీసి పక్క డబ్బాల పోస్తరు, వారం వారం తెచ్చి చర్చిల ఇస్తరు. ఇదివరకు ఈ కాంపౌండ్‌లనే బయట దేశం పైసలతోటి పిల్లల సెంటర్ నడిచేది, ట్యూషను, గుడ్డు, యూనిఫాం అన్నీ, అది బంద్ అయింది. 2020ల విదేశీ విరాళాల చట్టం మార్చినంక పైసలు ఢిల్లీల స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి అకౌంట్‌లనే పడాలె, జీతాలు ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటొద్దు, ఒక సంస్థ ఇంకో సంస్థకి పంచొద్దు అని వచ్చింది, చిన్న చిన్న చర్చిలకి అది అయ్యే పని కాదు. ఆ సెంటర్ ఉన్నప్పుడు మస్తు ఉండేదని అందరు అంటరు, నేనూ ఆ గుడ్లు తిన్నోన్నే, కానీ ఆ సెంటర్ ఉన్నన్ని రోజులు ఒక్కరన్నా మా అమ్మ జాబ్ కార్డు తెరిచి చూసిన్రా అంటే లేదు. పిడికెడు బియ్యానికి వచ్చినంకనే చూసిన్రు.

ఆ బియ్యంతోనే బల్ల కాడికి వచ్చినోళ్ళకి అన్నం. 2025 ఉగాది సంది రేషన్‌ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నరు కద, కాబట్టి చర్చి అన్నం కూడా సన్నగయింది, పప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసు సూపర్, ఉల్లిగడ్డ చేతితోనే పిసికినట్టున్నరు. పప్పు నీళ్ళే.

ఎవరెవరు వస్తరంటే చర్చోళ్ళే కాదు, సగం కంటే ఎక్కువ లంబాడోళ్ళు, తండాల నుంచి. మర్రిగూడ సైడు నుంచి ఒక పెద్దాయన వచ్చిండు, ఫ్లోరైడ్ నీళ్ళకి కాళ్ళు వంకర పోయినయి, మెడ తిప్పలేడు. నీళ్ళల్ల పటిక సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు, ఆ నల్గొండోడేమో 4,016 రూపాయల వికలాంగుల పింఛన్‌కి సదరం క్యాంపుల చుట్టు తిరుగుతుండు, 40 శాతం వైకల్యం ఉందని డాక్టర్ రాయాలె. ఆయన బొట్టు పెట్టుకునే వచ్చిండు, ఏ దేవుడని ఎవరు అడగలే. నేను చూసిన మూడు రోజులల్ల ఎవరిని అడగలే, దీనికి ఫుల్ మార్కులు.

ఒక్కటి మాత్రం చెప్పాలె. 11 గంటలకి బెల్లు కొడతరు, పది నిమిషాలు ప్రార్థన, పని బంద్. లేవాలని ఎవరు అనరు గానీ అందరు లేస్తే తండా అక్కలు కూడా లేచి కొంగు కప్పుకుని బిత్తరపోయి నిలబడ్డరు. లేవకపోతే కాయితం ఆగుతదేమో అన్న భయం ఉంటది కదా మనిషికి, అది అయ్యగారికి అర్థం కావాలె. ఇంకోసారి డిగ్రీ పిలగాడు ఉత్సాహంగ అమ్మ ఫైల్ల ఒక కరపత్రం పెట్టిండు, సార్ చూసి తీసి వాని జేబులనే పెట్టిండు, "కాయితాలల్ల మన కాయితం కలపొద్దురా" అని.

ఇప్పుడు కొంచెం సీరియస్ సంగతి. నా ముందు టోకెన్ ఒక ఇంటర్ అమ్మాయి, స్కాలర్‌షిప్‌కి కులం సర్టిఫికెట్ అప్లికేషన్. సార్ చకచకా నింపుకుంట వచ్చిండు, ఊరు, తండ్రి పేరు, కులం, మతం అనే గడి కాడ పెన్ను ఆగింది. ఫారం ఆ అమ్మాయి దిక్కు తిప్పి "ఈ గడి నువ్వే నింపుకో బిడ్డా, నేను రాయను" అన్నడు. మెడల చిన్న సిలువ ఉంది ఆ అమ్మాయికి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు లెక్కన ఎస్సీ అంటే హిందువే కావాలె, 1956ల సిక్కులని, 1990ల బౌద్ధులని కలిపిన్రు, క్రైస్తవులని ముస్లింలని కలపలే. క్రైస్తవుడు అని రాస్తే మన కాడ బీసీ-సీ, 1 శాతం రిజర్వేషన్. హిందువు అని రాస్తే ఎస్సీ, 15 శాతం. వాడ అదే, బావి కాడ చూపు అదే, గ్లాసు పక్కకి పెట్టుడు అదే, గడిల ఒక్క మాట మారితే అన్నీ మారుతయి. 2007ల రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం లింకు తీసెయ్యమన్నది, 2022ల బాలకృష్ణన్ కమిషన్ అని ఇంకోటి వేసిన్రు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని బయటికి పోయి వేపచెట్టు కింద వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. ఏం రాసిందో నేను చూడలే. చూడొద్దనుకున్న.

సర్వీసుల లోపం ఇదే అని కొందరు అంటరు, సార్ ధైర్యంగ ఏదో ఒకటి చెప్పాలె కదా అని. నాకైతే అది లోపం అనిపియ్యలే. ఆదివారం పుల్‌పిట్ ఎక్కి సాక్ష్యం దాచొద్దు, క్రైస్తవులమని చెప్పుకోవాలె అని గట్టిగ చెప్పేటోళ్ళు మస్తుమంది ఉన్నరు, ఆ అమ్మాయి ఫీజు కట్టేటోళ్ళే లేరు.

లోపం వేరే కాడ ఉంది. బల్ల మీద సంఘం పెద్దలకి కోపం. ఎందుకంటే అక్టోబర్‌ల పని కొలతల మీద పదిహేను మంది సంతకాలతోటి ఒక అర్జీ పోయింది, అది ఒక ఫీల్డ్ అసిస్టెంట్‌కి తగిలింది, ఆయన సంఘం పెద్ద ఒకాయనకి చుట్టం. చర్చి కాంపౌండ్‌ల రాజకీయం వద్దు అని మీటింగ్ పెట్టిన్రు, బల్ల తీసెయ్యాలె, షెడ్డుల టూవీలర్ల పార్కింగ్ చెయ్యాలె అన్నరంట. బయట పేరు రాయొద్దని నాకు చెప్పింది అందుకే.

సరే, రాజకీయం వద్దు, ఒప్పుకుందాం. మరి డిసెంబర్‌ల పంచాయతీ ఎలక్షన్లు వచ్చినయి కదా, ముందు ఆదివారం నేను అమ్మని తీసుకుని పోయిన, పైసలొచ్చినయి కాబట్టి కృతజ్ఞత కానుక ఎయ్యాలన్నది. ఆరాధన మధ్యల సర్పంచ్‌కి నిలబడ్డాయన కండువా జేబుల పెట్టుకుని వచ్చిండు, పెద్దలు స్టేజి మీదికి పిలిచిన్రు, శాలువా కప్పిన్రు, ఆశీర్వాద ప్రార్థన చేసిన్రు, ఆయన షెడ్డుకి కొత్త రేకులు ఏపిస్త అన్నడు, జనం హల్లెలూయ అన్నరు. ప్రార్థనా స్థలాలు ఎలక్షన్ ప్రచారానికి వాడొద్దని కోడ్‌ల ఉంటది, కానీ అది ప్రచారం కాదంట, ప్రార్థనంట. ముసలమ్మ 6,540 అడిగితే రాజకీయం, కండువాకి శాలువా కప్పితే ప్రార్థన. సార్ వెనక వరసల కూసుని ఉన్నడు, కండ్లు మూసుకోలే, రేకుల దిక్కు కిటికీల నుంచి చూస్తుండు.

మెదక్ చర్చి అందరు చూసే ఉంటరు, సెల్ఫీలు దిగే ఉంటరు. 1914ల మొదలుపెట్టి 1924 డిసెంబర్ 25న తెరిచిన్రు, మిషనరీ పోస్నెట్ దొర కరువుల ఆకలికి సచ్చిపోతున్న జనానికి ఊరికే గంజి పొయ్యకుండ కట్టుబడి పని చూపిచ్చి తిండి పెట్టిండని చెప్తరు. అంటే అది కూడా కరువు పనే. దొర చేసిన దాంట్ల అన్నీ ఒప్పు అని నేను అనను, కానీ వందేండ్ల కింద కరువు పని పెట్టినందుకు పేరొచ్చిన మతం, ఇయ్యాల కరువు పని కూలి అడిగితే బయటికి పో అంటే ఎట్ల అనేదే నా బాధ. ఇది నేను అయ్యగారితోని కూడా అన్న. ఆయన మంచోడే, కుర్రోడు, బదిలీ భయం ఉంది. "బల్ల నేను తియ్య తమ్ముడూ, కానీ మైక్‌ల దాని గురించి చెప్పలేను" అన్నడు. సగం ధైర్యం. అదన్నా ఉంది.

పోయేటోళ్ళకి నాలుగు ముక్కలు. 9 లోపే పోండి, 30 టోకెన్లు దాటితే శుక్రవారం రమ్మంటరు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఉన్న మనిషిని తోలుకపోండి, ఓటీపీ వాళ్ళ కొడుకు ఫోన్‌కి పోయి, కొడుకు మేస్త్రీ పనికి పుణె పోయి ఉంటే ఆ రోజు ఇగ పని కాదు, నేను ఉన్నంతసేపట్ల నలుగురు అట్లనే వాపస్ పోయిన్రు. నీళ్ళ బాటిల్ తెచ్చుకోండి. ఫ్యాన్ లేదు. బాత్రూంకి తాళం ఉంటది, తాళంచెవి వాచ్‌మన్ కాడ, వాచ్‌మన్ ఛాయ్ హోటల్ కాడ. భూమి పట్టా గొడవలు తీసుకోరు, భూభారతి అనే కొత్త భూముల చట్టం వచ్చినంక కూడా అవి మా తోని కావు అని సాఫ్‌గ చెప్తరు, అట్ల చెప్పుడు కూడా మంచిదే, ఒప్పుకుని తిప్పించుకునుడు కంటే.

నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోసిన్నో పెద్దలు చదివితే వాళ్ళకే తెలుస్తది, ఫ్యాన్ కోసం అయితే కాదు.

అప్డేట్: బల్ల ఇంకా ఉంది, పోయిన మంగళవారం అమ్మ చెల్లె రేషన్ కార్డు పని మీద పోయొచ్చింది. రేకులు పాతవే. కూలి లేటయినందుకు పెట్టిన ఆ రోజుకి 3 రూపాయల 27 పైసల అర్జీ ఇంకా పెండింగే, ముద్ర ఏసిన నకలు అమ్మ బైబిల్ల పెట్టుకుంది. వచ్చినంక ఇక్కడే రాస్త.